పెద్దమ్మ చేసిన కన్యాదానం

ఈ ఏడు మొయినాబాద్ దగ్గర మా పెద్దమ్మవాళ్ల ఊరికి ఎల్లమ్మ కల్యాణం చూడటానికి వెళ్లాను. జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ చెప్పే బైండ్లాయన, ఆనవాయితీ ప్రకారం, ఏ ఏట ఏ దంపతులు ఎల్లమ్మను కన్యాదానం చేశారో పేరుపేరునా పాడుకుంటూ వచ్చి, అరవై తొమ్మిదో సంవత్సరం రాగానే గొంతు ఆపాడు. జమిడికను మాత్రం కాసేపు మోగించి, మరుసటి ఏటి జంట దగ్గర పాట మళ్లీ ఎత్తుకున్నాడు. మా ఈడువాళ్లం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఎల్లమ్మ పుట్టలో పుట్టిన తల్లి. ఆమెకు కన్నవాళ్లు లేరు గనుక, ఏటా ఊళ్లోని ఒక జంట తల్లిదండ్రులై పీటల మీద కూర్చోవాలి. చేవెళ్ల వైపు నుంచి ఒక ఊరివాళ్లు మగపెళ్లివారై, పెళ్లికొడుకు జమదగ్ని ఇత్తడి ప్రతిమను బండి మీద తెస్తారు. ఇంటింటికీ వంతు, ఒకసారి తప్పితే మళ్లీ రావడానికి ఒక తరం పడుతుంది. పిల్లలు లేని మా పెద్దమ్మకు వంతు ఆ అరవై తొమ్మిదిలోనే వచ్చింది. కూతురి పెళ్లి అంటే ఆమెకు ఇదొక్కటే. నెల ముందునుంచే పసుపు దంచి, పట్టుచీర తెచ్చి పెట్టుకున్నది. కల్యాణం వారం ఉందనగా, ప్రత్యేక తెలంగాణ కావాలని రాస్తా మీద కూర్చున్న ఆమె పెనిమిటిని, మా పెద్దబాపును, పోలీసులు వ్యానెక్కించి నగరంలోని జైలుకు తీసుకుపోయారు.

అప్పట్లో నేను హైదరాబాద్ పత్రిక ఒకదానికి ఈ ప్రాంతపు వార్తలు పంపేవాణ్ని. బస్సులు బందయితే రాసిన కాగితాలు చేతిలోనే ఉండిపోయేవి, కనుక పెళ్లిపనుల్లో పడ్డాను. చేవెళ్ల రోడ్డుకు అడ్డంగా మొద్దులూ బండలూ పడేసిన విద్యార్థులు, డప్పులతో వస్తున్న మగపెళ్లివారిని చూసి తమకు మద్దతుగా వస్తున్న ఊరేగింపనుకుని, మొద్దులు జరిపి, నినాదాలిస్తూ ముందు నడిచారట. అది పెళ్లని తెలిశాక కూడా వెనక్కి పోలేదు. విడిదికి చేరేసరికి మగపెళ్లివారు మూడింతలయ్యారు, వండిన అన్నం సరిపోదని ఆడవాళ్లు మళ్లీ ఎసరు పెట్టారు.

తీరా పీటల దగ్గరికి వచ్చాక చూస్తే పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉన్నది. పక్క పీట మీద పెద్దబాపు తువ్వాల మడిచి పెట్టి ఉంది. మగపెళ్లివారి పెద్దమనిషి అడుగు ముందుకు వేయలేదు.

“గిదేంది చెల్లె, తువ్వాలతోని పెండ్లా? జర ఉతికినవా అన్న?”

“పొద్దుగాల్నే ఉతికిన. నీ రుమాలు ఎన్నడన్న ఉతికినవా, అన్నా?”

అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. జంట లేని కన్యాదానం చెల్లదన్నాడు, వంతు ఇంకో ఇంటికి ఇమ్మన్నాడు. పెద్దమ్మ లేవలేదు.

“రాములవారు యాగం జేసిన నాడు సీతమ్మ అడవిల ఉండె. బంగారి బొమ్మను పక్కకు వెట్టుకుంటే ఏ రిషి వద్దన్నడు? మొగోనికి బొమ్మ చెల్లితె నాకు తువ్వాల చెల్లదా?”

 సరే, పెళ్లికొడుకు కాళ్లు కడుగు, కానీ నీ పెనిమిటి విడుదలై వచ్చినంక వచ్చే ఏడు, ఆ ఏటి జంట కంటే ముందు ఆయన కూడా కాళ్లు కడగాలి, అప్పుడే మీ పేర్లు పాటలో చేరుతాయని పెద్దమనిషి షరతు పెట్టాడు. పెద్దమ్మ తలూపి, ఇత్తడి కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కన్నకూతుర్ని అప్పగించిన తల్లులను ఎందరినో చూశాను, ఆ ఏడుపుకూ దీనికీ తేడా నాకు కనబడలేదు.

పెద్దబాపు తిరిగి వచ్చాడు. మరుసటి ఏడు కల్యాణానికి చెంబు చేతికిస్తే పక్కన పెట్టేశాడు. పెద్దమ్మే బతిమాలింది, కడుగు, ఏం పోతది, పాటల పేరుంటదని.

“నేను మళ్ల కడిగితె నువ్వు కడిగింది ఉత్తదేనా? బిడ్డ పెండ్లి రెండుసార్లు జేస్తమా?” అని ఆయన మగపెళ్లివారికి దండం పెట్టి, వెళ్లి పంక్తిలో వడ్డనకు దిగాడు.

అంతటి గౌరవం తనకు దక్కినందుకు పొంగిపోవాలో, పేరు పోయినందుకు దుఃఖపడాలో పెద్దమ్మకు చివరిదాకా తెలియలేదనుకుంటాను. ప్రతి ఏడూ ముందు వరుసలో కూర్చుని, పాటలో ఆ చోటు వచ్చినప్పుడు జమిడికనే చూస్తూ ఉండేది.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. అప్పుడు మొద్దులు పడ్డ చోట ఇవాళ ఫాంహౌజుల గేట్లు, కార్లు బారులు తీరి ఉన్నాయి. జమదగ్ని బండి మీద కాక ట్రాలీ ఆటోలో వస్తున్నాడు. రాష్ట్రం కూడా వచ్చింది. ఆ మగపెళ్లివారి మనవలు, పాడితే ఇద్దరి పేర్లూ పాడాలంటున్నారు. మావాళ్లు, కడిగిన మనిషి పేరొక్కటే పాడాలంటున్నారు. ఈ ఏడు కూడా భోజనాల దగ్గర మాట్లాడుకుని, వచ్చే ఏడు చూద్దామని లేచారు.