ఎలుకలు లేచి నడిచాయంట

మా చిన్నప్పుడు... దీపాలు పెట్టే వేళకి నాన్న చంకలో పేపరుతో ఇంటికొచ్చేవాడు. హనుమాన్ జంక్షన్లో హైవే పక్కన లారీల టైర్లకు పంక్చర్లు వేసే షాపు నాన్నది. పొద్దుటి నుంచీ డ్రైవర్లందరూ చదవగా నలిగిపోయి, గ్రీజు మరకలంటిన పేపరది. నాన్నకి అందులో రాజకీయాలు అక్కర్లేదు, సినిమాలు అక్కర్లేదు. ఓ మూల వేసే సైన్సు వార్తలుంటే చాలు.

స్నానం చేసొచ్చాక చాప పరిచి కుటుంబ ప్రార్థన... అన్నాలు ఆ తర్వాతే. అమ్మ పాట ఎత్తుకునేది, నేను బైబిల్లో వాక్యం చదివేదాన్ని, ఆఖర్న నాన్న ప్రార్థన. అసలు సందడంతా అక్కడే! ఆ రోజు పేపర్లో చదివిందంతా నాన్న దేవుడికి పూసగుచ్చినట్టు చెప్పేసేవాడు.

"తండ్రీ, చంద్రుడి మీద నీళ్ళు కనిపెట్టారంట. సంతోషం. మా వీధి కుళాయిలో ఎప్పుడు కనిపెడతారో కాస్త వాళ్ళ చెవిన వెయ్యి..."

ఇంకోరోజు, "మనిషి మొహం చూసి గుర్తుపట్టే మిషను తయారుచేశారంట ప్రభువా. మా బావమరిదికి ఒకటి ఇప్పించు. మొన్న ఆదివారం చర్చి దగ్గర ఎదురుపడి కూడా నన్ను గుర్తుపట్టలేదు..."

అమ్మ కళ్ళు మూసుకునే నాన్న తొడ మీద గిల్లేది. "ఏవండీ, ప్రార్థనలో ఈ వేళాకోళాలేంటండీ!"

"పొద్దుట్నుంచీ అందరి ఏడుపులూ విని విని ఉంటాడు సలోమీ... కాసేపు ఆయన్ని కూడా నవ్వనీ."

మా చెల్లి ఎస్తేరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వేది. నిజం చెప్పాలంటే ఆ జోకులన్నీ దానికోసమే.

ఆ రోజుల్లోనే ఎస్తేరు నడుస్తూ నడుస్తూ పడిపోవడం మొదలైంది. చర్చి మెట్లు ఎక్కాలంటే మోకాలి మీద చెయ్యి వేసి లేవాల్సి వచ్చేది. విజయవాడలో పెద్ద డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, కండరాలు సన్నగిల్లే జబ్బన్నారు. రాను రాను నడక పోతుందన్నారు. దీనికి మందింకా కనిపెట్టలేదండీ అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఆ తర్వాత కూడా నాన్న జోకులు మానలేదు. మానితే జబ్బు ఎంత పెద్దదో చెల్లికి తెలిసిపోతుందని భయం.

ఒకరోజు సాయంత్రం మాత్రం నాన్న గొంతు వేరేగా ఉంది. కళ్ళు మూసుకుని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఈరోజు పెద్ద జోకే ఉందని మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"తండ్రీ... ఎలుకలు లేచి నడిచాయంట."

అంతే, ఎస్తేరు పకపకా నవ్వేసింది. దాంతో పాటు నేనూ. అమ్మ కూడా ఆపుకోలేకపోయింది. ఎలుకలు నడవకపోతే ఎగురుతాయా!

కళ్ళు తెరిచి చూస్తే నాన్న వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

అది జోకు కాదు. చెల్లికున్న జబ్బే ఉన్న ఎలుకలకు ఏదో మందిస్తే అవి మళ్ళీ నడిచాయని పేపర్లో వేశారు. ఆ వార్త చూశాక నాన్న షాపు మధ్యాహ్నమే కట్టేసి, ఎవరికీ చెప్పకుండా చెరువు గట్టు మీద కూర్చుని, దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని వచ్చాడట. మేమేమో నవ్వాం.

మర్నాడే మళ్ళీ విజయవాడ. డాక్టరుగారు మంచివారు, పేపరు ముక్క మొత్తం చదివారు. "ఇది మనుషుల దాకా రావడానికి చాలా ఏళ్ళు పడుతుందండీ" అన్నారు.

"ఆ ఎలుకలకిచ్చిందే ఇవ్వండి సార్. ఏమన్నా అయితే నాదే పూచీ, రాసిస్తాను" అన్నాడు నాన్న. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పేపరు ముక్కని మడిచి నాన్న జేబులో పెట్టారు.

ఇంటికొచ్చాక ఎస్తేరు వంటింట్లో ఎలుకల బోను పెట్టనివ్వలేదు. "పాపం అమ్మా, నా మందు ముందు అవే కదా తాగుతున్నాయి" అనేది. దానికోసం మేం ఆ ఏడంతా బియ్యం డబ్బాల మీద రాళ్ళు పెట్టుకున్నాం.

నడక పోయింది. తర్వాత చేతులు కూడా లేవలేదు. అప్పట్నుంచి ప్రార్థన తనే చేస్తానని ఎస్తేరు పట్టుబట్టింది. "ప్రభువా, మందు ఎలుకల దగ్గర్నుంచి కుక్కల దాకా వచ్చిందంట. మా వీధి కుక్కకి ముందిచ్చావంటే ఊరుకోను, అది ఇప్పటికే పోస్టుమేన్ని పరిగెత్తిస్తోంది..." నాన్న నవ్వాలని అది, అది నవ్వాలని నాన్న... ఇద్దరూ ఒకరికోసం ఒకరు నవ్వేవాళ్ళు.

పదో తరగతి పరీక్షలు రాస్తానంది. రాయలేదు. చలికాలంలో జలుబు చేసి ఊపిరితిత్తుల్లోకి దిగింది. అంతే.

ఇప్పుడు పేపరు ఎవరు చూస్తున్నారులెండి... ఫోన్లో బొటనవేలి కింద రోజుకి బోలెడు సైన్సు వార్తలు జారిపోతున్నాయి. "ఎలుకల్లో ఫలానా జబ్బు నయం" అని వస్తుంది. కింద కామెంట్లు... "ఎలుకగా పుట్టినా బాగుండేది", "ఎలుకలు ఇక చావవేమో బ్రో". నవ్వుకోండి, తప్పేం లేదు. మేమూ నవ్వాం కదా. కానీ ఎక్కడో ఒక ఇంట్లో ఆ వార్తని ఎవరో మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంటారు, అదొక్కటి గుర్తుంచుకోండి.

నాన్నకి ఇప్పుడు చూపు ఆనడం లేదు. సాయంత్రం ఫోన్లో ఆ వార్తలు నేనే చదివి వినిపిస్తాను. ఓరోజు ఉండబట్టలేక, "మనకింక ఎందుకు నాన్నా ఇవన్నీ?" అన్నాను.

"మన పిల్ల వెళ్ళిపోయిందమ్మా. ఎదురుచూసే పిల్లలు వెళ్ళిపోలేదుగా" అన్నాడు.

మీ ఇంట్లో కూడా అలా ఏదైనా మందు కోసం, ఏదైనా వార్త కోసం ఎదురుచూస్తున్నవాళ్ళుంటే... కింద వాళ్ళ పేరు ఒక్కటి రాయండి, చాలు. నాన్నకి చదివి వినిపిస్తాను. ఆయన ప్రార్థనలో మా చెల్లి పేరుండే చోటు ఖాళీగా ఉంది.