లైసెన్సు ఆవిడది, విమానం ఆయనది

కళ్లజోళ్ల దుకాణం ఆయన్ని వీధిలో అందరూ పైలట్ అనేవారు. గౌరవంతో కాదు. ఆయన రిమోటు విమానం ఎగరడం కన్నా కూలడమే ఎక్కువ. మైదానంలో పిల్లల బొమ్మకార్లూ ఈయన విమానమూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచేవి. ఎవడో తన కారును పక్కకు తిప్పితే, విమానం బుద్ధిగా వాడి మాట విని ముక్కుతో నేలను పొడిచేది. చివరిసారి డ్రిల్లు మాస్టారి స్కూటరు సీటులో దిగబడింది.

పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకుంటే వేరే ఫ్రీక్వెన్సీలు వాడుకోవచ్చని, అక్కడ ఈ రద్దీ ఉండదని మైదానంలో రిమోటు విమానాలు ఎగరేసేవాళ్ల క్లబ్బు సెక్రటరీ చెప్పాడు. పైలట్ పుస్తకాలు కొన్నాడు. దుకాణం వెనకగదిలో భార్య అద్దాలు అరగదీస్తుంటే, ఎదురుగా కూర్చుని పాఠాలు పైకి చదివేవాడు. వినీ వినీ అవి ఆమెకే నోటికొచ్చాయి. ఆయన తప్పు చదివితే మిషను ఆపకుండానే సరిదిద్దేది. ఆయనకు ఒళ్లు మండి, అంత తెలిస్తే నువ్వే రాయరాదా అన్నాడు. రాసింది.

ఆమె పాసయింది. ఆయన తప్పాడు. ఆ సంగతి గుమ్మం దాటదనుకున్నాడు గానీ, దుకాణంలో కళ్లు పరీక్షించే బావమరిది వచ్చిన ప్రతివాడికీ కళ్లు చూడకముందే చెప్పేశాడు.

పైలట్ బెదరలేదు. లైసెన్సు ఇంట్లో ఉందిగా, ఎవరి పేరుంటేనేం అనుకుని, కొత్త రేడియో బిగించి, భార్యను వెంటబెట్టుకుని మైదానానికెళ్లాడు. సెక్రటరీ అడ్డుపడ్డాడు. ఆ ఫ్రీక్వెన్సీ మీద రిమోటు పట్టాల్సింది లైసెన్సున్న మనిషేనట.

"మా ఆవిడ పక్కనే ఉందిగా," అన్నాడు పైలట్.

"అయితే ఆవిడకే ఇవ్వండి."

ప్రాణం ఒప్పకపోయినా ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోక, పైకి, కిందికి, కుడికి అంటూ ఆమె చెవిలో ఒకటే గోల.

"ఏవండీ, కాసేపు అలా వెళ్లి కూర్చుంటారా? నాకు ఇంజను చప్పుడు వినపడటం లేదు," అంది.

విమానం మైదానమంతా చుట్టి మెత్తగా దిగింది. అది అంతసేపు గాల్లో ఉండగా ఆయన చూడటం అదే మొదలు. సంతోషమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చి, తుమ్మొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఆమె దగ్గరే పాఠం చెప్పించుకుని ఆయనా గట్టెక్కాడు. అసలు గొడవ అప్పుడే మొదలైంది. ఈలోగా ఆమె సొంత విమానం కట్టుకుంది. ఇద్దరిదీ ఒకే చానెల్. ఒకరు ఎగరేస్తుంటే రెండోవాళ్లు తమ రిమోటు స్విచ్చి వేయకూడదు, వేస్తే పైనున్నది కూలుతుంది. ఆమె తొందరగా దిగే రకం కాదు.

వేరే చానెల్ సెట్టు కొనుక్కోమని సెక్రటరీ ఎన్నోసార్లు చెప్పాడు. పైలట్ కొనలేదు. మెడ పట్టేసేదాకా ఆకాశంకేసి చూస్తూ నిలబడతాడు. ఎవరైనా అడిగితే, ఆవిడ చేసే తప్పులు పట్టుకుంటున్నానంటాడు.