గుంటకి నూనె తినిపించిన మూడు రోజులు

బీపీతో పాటు కొలెస్ట్రాలు కూడా వచ్చి చేరిందని మొన్న డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, నూనె బాగా తగ్గించమని క్లాసు పీకితే, బుద్ధిగా తలూపుతూనే లోపల నవ్వుకున్నాను, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జబ్బు పిల్ల చేత మూడు రోజులు పట్టుబట్టి నూనె తినిపించిన మనిషిని నేను.

అప్పట్లో మన్యంలో ముంచింగిపుట్టు వైపు ఒక చిన్న మిషనరీ ఆసుపత్రిలో ల్యాబు పని చేసేదాన్ని. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, నాలుగు రంగు సీసాలు, నేను. పరీక్షకి మలం తెమ్మంటే కొండల మీది వాళ్ళు అడ్డాకు దొప్పలో పెట్టి, పైన ఇంకో ఆకు కప్పి, కోడిగుడ్లు మోసుకొచ్చినంత జాగ్రత్తగా తెచ్చేవారు. మొదట్లో ముక్కు మూసుకున్న నేనే, ఆర్నెల్లు తిరిగేసరికి ఎవరిది ఎలా ఉందో భోజనాల దగ్గర కూడా చెప్పి తోటి నర్సుల చేత తిట్లు తినేదాన్ని.

ఒక రోజు ఒక ముసలమ్మ తన మనవరాలిని నడిపించుకొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, అడిగి మరీ తింటుందట, అయినా ఎముకల గూడులా ఉంది, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. క్షయ కాదు, కడుపులో పురుగులూ లేవు. పెద్ద డాక్టరుగారికి క్లోమం మీద అనుమానం వచ్చింది. అది రసం ఊరించడం మానేస్తే తిన్న కొవ్వు అరక్క మలంలోనే పోతుంది, ఎర్ర రంగు మందు వేసి చూస్తే నారింజ రంగు బొట్లుగా కనబడుతుంది. నేను వేసి చూశాను, ఒక్క బొట్టూ లేదు. కొవ్వు లేదని రాసి, దర్జాగా సంతకం పెట్టాను. బలానికి మందులిచ్చి పంపేశారు.

నెల తిరిగేసరికి ఆ పిల్లని డోలీలో మోసుకొచ్చారు. లేచి కూర్చునే ఓపిక లేదు, ఇలాగే ఉంటే బతకదని డాక్టరుగారు నెమ్మదిగా అన్నారు. వరండాలో నాయనమ్మ రాగుల అంబలి తాగిస్తుంటే పక్కన కూర్చుని, మాటవరసకి ఏం పెడుతున్నావని అడిగాను.

“జబ్బు సేసిన గుంటకి నూనె పెడతారేటమ్మా? పథ్యం గదా! మూడు నెల్లయ్యింది, ఉప్పేసి సోడంబలే పోత్తన్నాను” అంది, తన నిష్ఠకి కాస్త గర్వపడుతూ.

కొవ్వు ముట్టని మనిషి మలంలో కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? పరీక్షకి ముందు మూడు రోజులు నూనె తినాలని చదువుకున్నాను, పుస్తకంలో గీత కూడా గీసుకున్నాను, అడగడం మాత్రం మరిచాను.

తప్పు ఒప్పుకుంటే డాక్టరుగారు తిట్టలేదు, ముందు నూనె పెట్టించమన్నారు. నాయనమ్మ ససేమిరా అంది, నా గుంటని సంపేత్తారా అని ఏడ్చింది. చివరికి నేనే వలిసె గింజల నూనె పోసి కూర వండి, ఆమె కళ్ళ ముందే సగం తిని, మిగతాది పిల్లకి తినిపించాను. మూడు రోజులూ అదే తంతు. నాలుగో రోజు మైక్రోస్కోపులో నారింజ బొట్లు, లెక్కలేనన్ని. మలంలో కొవ్వు చూసి ఆనందంతో ఏడ్చినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అన్నంతో పాటు వేసుకునే జీర్ణరసం గుళికలు విశాఖపట్నం నుంచి తెప్పించారు. కొన్ని నెలలకి ఆ పిల్ల తన కాళ్ళ మీద తనే కొండ దిగి వచ్చింది, బుగ్గలు కూడా నిండాయి. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, గుళికలు వేసుకుంటూనే కాఫీ తోట చూసుకుంటోంది.

ఈ పరీక్ష కూడా ఇప్పుడు మారిపోయింది. చిటికెడు మలం డబ్బాలో పెట్టి పట్నం పంపితే, క్లోమం నుంచి వచ్చే రసం అందులో ఎంత ఉందో కొలిచి చెప్పేస్తారు, నూనె తిన్నారా అంబలి తాగారా అన్నదానితో పనే లేదు. నాలాంటి వాళ్ళ మతిమరుపుకి ఇక ఏ పిల్లా డోలీ ఎక్కనక్కర్లేదు, అందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. కానీ ఆ వరండా తర్వాత, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వచ్చిన ప్రతి మనిషినీ ఏం తిన్నావని అడిగాను, ఆ ఒక్క మాటకే వాళ్ళు చతికిలబడి ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవారు. ఇప్పుడు ల్యాబుల్లో డబ్బా అందుకునే కుర్రపిల్లలకి ఆ మాట అడగాల్సిన అవసరమే రాదు.