గుండె వాడిది, నువ్వు బయట కూర్చో

ఆ మంగళవారం సాయంత్రం మా అక్క సునిల్దా వాకిట్లో కూర్చుని, కొమ్ము గ్లాసులోని తెరెరే ఆకు మీద మంచునీళ్లు పోసి నాకందించింది. "ఆల్సిదెస్ ఇవాళ కొత్త డాక్టరు ముందు తనంతట తానే మాట్లాడాడే!" అని మురిసిపోయింది.

బుధవారం ఉదయం చూస్తే యూనిఫాం వేసుకుని, ఒక కాలికే చెప్పు తొడుక్కుని, మంచం పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. యాభై రెండేళ్లు. రెండో చెప్పు చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు నిలబడిపోయాను.

అసున్సియోన్‌లో పిల్లల ఆసుపత్రిలో ఆమె నర్సు. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలు పద్దెనిమిది నిండగానే పెద్దల ఆసుపత్రికి మారాలి. ఒళ్లు బాగానే ఉంది కదా అని చాలామంది అక్కడికి వెళ్లనే వెళ్లరు. కొందరు ఏ ఫుట్‌బాల్ మైదానంలోనో కుప్పకూలాక తెలుస్తుంది. వాళ్లను ఆ గుమ్మం దాటించడమే అక్క పని. రెండేళ్ల ముందే మొదలుపెట్టేది. ముందు కుర్రాడి పక్కన కూర్చున్న తల్లిని లేపేది.

"గుండె వాడిది. నువ్వు బయట కూర్చో అమ్మా."

ఆ తర్వాత, "నీకేం ఆపరేషన్ చేశార్రా?" అని అడిగేది. కుర్రాడు తల్లి వెళ్లిన తలుపు వైపు చూసేవాడు.

"తలుపుకి చేశారా?"

ఆ కుర్రాళ్లలో ఆల్సిదెస్ మరీ మొండి. రెండుసార్లు పెద్దల ఆసుపత్రి గేటు దాకా వెళ్లి పారిపోయాడు. అందుకే మూడోసారి, ఆ మంగళవారం, అక్క తనే ముందు వెళ్లి అక్కడ కాచుకుంది. నాకు తెలిసిందంతే.

ఆ ఏడాదంతా ఆమె మెట్ల మధ్యలో ఆగిపోతుండేది. "చూపించుకో అక్కా" అంటే, "పొద్దస్తమానం గుండె డాక్టర్ల మధ్యే తిరుగుతుంటానే. ఏదన్నా ఉంటే వాళ్లకు వినబడదూ?" అనేది. నేనూ నవ్వేదాన్ని.

తొమ్మిదో రోజు ప్రార్థనకు ఆల్సిదెస్ వచ్చాడు. తల్లి లేకుండా, ఒక్కడే.

"ఆ రోజు నేను ఆలస్యంగా వెళ్లానండీ. డాక్టరును చూడ్డానికి పొద్దున్నే ఇచ్చే ఇరవై చీటీలూ అయిపోయాయి. హమ్మయ్య, ఇంటికి పోతానన్నాను. సిస్టరుగారు తన చేతిలో ఉన్న చీటీ నాకిచ్చేశారు. మరి మీకో అంటే, 'నాకు దారి తెలుసురా, ఎప్పుడైనా వస్తాను' అన్నారు."

డాక్టరు ముద్ర వేసి తిరిగిచ్చిన ఆ చీటీని జేబులోంచి తీసి చూపించాడు. పదకొండో నంబరు. మా అక్క పేరు కొట్టేసి ఉంది, పక్కన వాడి పేరు. రెండూ ఆమె చేతిరాతే.