చాంద్‌మారి గుంటలో గంజికుండ

వరంగల్లు కరీమాబాదులో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన గట్టయ్య ఇరవయ్యో ఏట సర్కారు పల్టన్‌లో చేరాడు. నేతగాడి చూపు కదా, రెండు వందల గజాల అవతలి నల్లచుక్క కూడా ఆయనకు తెగిన పోగులా కనిపించేదట. అలా చాంద్‌మారి జట్టులోకి, అంటే తుపాకీ గురిపోటీల జట్టులోకి ఎక్కాడు. 1946 వానాకాలంలో ఆ జట్టులోని ఎనిమిది మందినీ పోటీలకు సింహళం పంపించారు. కాజీపేటలో రైలెక్కి, ధనుష్కోడిలో ఓడెక్కి, కొండల నడుమ డేరాల్లో దిగారు. అక్కడి ఐదు వారాల గురించి ఎన్నిసార్లు అడిగినా, ఆయన గురి సంగతి తక్కువగానూ గుంట సంగతి ఎక్కువగానూ చెప్పేవాడు.

గురిబల్లల కింద మనిషెత్తు గుంట ఉంటుంది. సగం మంది కాలుస్తుంటే మిగతా వాళ్లు ఆ గుంటలో ఉండాలి. గుండు తగిలిన బల్లను గిరకతో దించి, చిల్లి మీద కాగితం ముక్క అతికి, మళ్లీ పైకి లేపాలి. తలల మీదుగా గుండ్లు పోతూనే ఉంటాయి. అతకడానికి గంజి కాచే పని గట్టయ్యది. ఇంట్లో పడుగుకు పట్టించే గంజిలాగే చిక్కగా కాచి, పుల్లతో రాసేవాడు.

పొద్దున నిండుగా ఉన్న కుండ మధ్యాహ్నానికి నాలుగు వేళ్లు తగ్గేది. పనికి పట్టేది దోసెడు కూడా కాదు.

"ఏం బావా, తాగుతున్నవా ఏంది?" అన్నాడు పర్శరాములు. జట్టులో మరో నేతగాడు అతనే, నోరు మూయని మనిషి. "ఎర్రబియ్యం బువ్వ పడ్తలేకుంటే హవల్దార్ సాబ్‌కు చెప్పు. గంజి తాగితే కడుపుల పేగులు అతుక్కుంటయ్!"

అందరూ నవ్వారు. గట్టయ్య నవ్వలేదు. ఎండకు ఇగిరిందనుకుందామంటే ముసురు పట్టిన రోజు కూడా తగ్గింది. కుండ అంచున తెల్లగా వేళ్ల ముద్రలు. తాను కుండలో చెయ్యి పెట్టడు.

ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు.

నాలుగేళ్ల కిందట, ఊరవతలి చాంద్‌మారి గుంటలో గట్టయ్య గిరక దగ్గర ఉన్నాడు. పక్కన కొమురెల్లి, ఒకే వాడకట్టు, ఒకే పల్టన్. పైకి పోయిన బల్ల మీద అతికిన కాగితం ఊడి వేలాడుతోంది. నియమం ప్రకారం బల్లను దించాలి. "దించుడెందుకన్నా, అందుతది. జర చెయ్యి పెట్టు" అన్నాడు గట్టయ్య. తెగిన పోగు కంటబడితే అతకకుండా ముందుకు పోవడం నేతగాళ్లకు చేతకాదు. కొమురెల్లి మెట్టెక్కి చెయ్యి చాచాడు. చేతితోపాటు తల కూడా లేచింది.

అతని చావు మీద జరిగిన విచారణలో గట్టయ్య, "నేను చూడలేదు. తనే లేచిండు" అన్నాడు.

ఆ మాటే వాడకట్టుకు చేరింది. కొమురెల్లి భార్య మొగిలమ్మ అప్పటినుంచి పెత్రమాసకు మొగుడి పేర అయ్యగారికి బియ్యం ఇవ్వలేదు. ఆ అమావాస్యనాడు పేరు చెప్పి ఇస్తేనే పోయినవాళ్ల ఆకలి తీరుతుందని అందరి నమ్మకం. "సంసారం యాదికుంటే తల లేపుతుండెనా? మతిలేనోడు. నన్ను ఇడిసిపోయినోనికి నేనెందుకు పెట్టాలె?" అనేది.

కాబట్టి కొమురెల్లి ఆకలితో ఉన్నాడు. సముద్రం దాటినా గంజి వాసన పట్టుకొని వచ్చాడు. గట్టయ్యకు అందులో అనుమానం లేదు.

ఆదివారాలు కాల్పులు ఉండేవి కావు. కొందరు వాగులో స్నానాలు చేసేవాళ్లు, కొందరు పేకాడేవాళ్లు. హవల్దార్ సాబ్ చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. గట్టయ్య ప్రతి ఆదివారం ఆయన ముందు కూర్చునేవాడు.

"మొగిలమ్మ వదినెకు దండాలు."

"ఇగ?"

"నేను మంచిగున్న."

"నువ్వు మంచిగుంటే ఆమెకేం ఫికర్ రా? అసలు సంగతి చెప్పు."

అసలు సంగతి నోటికి వచ్చేది కాదు. కార్డు అలాగే జేబులోకి పోయేది.

పోటీకి రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, గిరక దగ్గర గట్టయ్య, పక్కన పర్శరాములు. పైకి పోయిన బల్ల మీద కాగితం ముక్క ఊడి వేలాడింది. గట్టయ్య నోరు తెరవనేలేదు. ఎవరో పిలిచినట్టే పర్శరాములు మెట్టెక్కాడు, చెయ్యి లేచింది. గట్టయ్య అతని నడుం పట్టి వెనక్కి గుంజాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. గుండు బల్లను చీల్చుకుంటూ పోయింది.

ముఖం మీది బురద తుడుచుకుంటూ పర్శరాములు నవ్వబోయాడు. "నువ్వు గుంజకుంటే నా పెండ్లాం సుత నన్ను మతిలేనోడనే అంటుండె, కొమురెల్లి లెక్క."

పోటీలో గట్టయ్య గుండ్లు రెండు అసలు బల్లకే తగల్లేదు.

కాజీపేటలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా మొగిలమ్మ ఇంటికి నడిచాడు. ఆమె రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది.

"వదినె, అన్నను నేనే లేపిన."

రాట్నం ఆగింది.

"బల్ల దించుడు బద్దకమైంది. చెయ్యి పెట్టు అన్న. నా మాట ఇన్నడు, గంతే. అడిగితే చూడలేదని చెప్పిన."

మొగిలమ్మ ఏడవలేదు. "నాలుగేండ్లు తిట్టిన గట్టయ్యా. పొయ్యి కాడ తిట్టిన, రాట్నం కాడ తిట్టిన. పస్తులుంచిన. గా తిట్లన్ని ఇప్పుడు ఏడ పెట్టుకోవాలె?"

ఆమె రాట్నం పక్కకు జరిపింది.

"ఎల్లుండి పెత్రమాస. రా" అంది.

మొగుడి పేరు ఆడమనిషి పలకకూడదు. ఆ ఇంట్లో మరో మగదిక్కు లేదు. అమావాస్య పొద్దున అయ్యగారు వాకిట్లో నిలబడి "పేరు?" అన్నారు. మొగిలమ్మ చాటనిండా బియ్యంతో గట్టయ్య వైపు తిరిగింది. ఆయన చాటలోని బియ్యం వైపు చూశాడు. అయ్యగారికి ఇంకా పది ఇళ్లున్నాయి, మళ్లీ అడిగారు.

"కొమురెల్లి" అన్నాడు గట్టయ్య.

"గట్టిగ చెప్పు. మతిలేనోడని వాడకట్టంత ఇన్నది. ఇది సుత ఇననీ."

ఎదుటి వాకిళ్లలో మనుషులు చేతిలో పని ఆపి చూస్తున్నారు.

"కొమురెల్లి! నేను లేపితే లేచిండు. ఆయన తప్పు లేదు!"

మొగిలమ్మ చాట వంచింది. గింజ మిగలకుండా అయ్యగారి సంచిలో పోసి, గట్టయ్య వైపు చూడకుండా లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసుకుంది.