పూత మీదున్న జీడిచెట్టు

రెండువేల దశకం మొదట్లో నేను వ్యవసాయ డిగ్రీ చదివేదాన్ని. అందులో సమగ్ర సస్యరక్షణ ఒక పాఠం. మందు కొట్టడం చివరి పని, ముందు చెట్టు దగ్గర కూర్చుని పురుగు ఎక్కడ పుడుతోందో చూడాలి అనేవారు మా మాస్టారు. జీడిచెట్ల కాండాన్ని తొలిచే పురుగు గురించి చెప్పిన రోజు నేను తల ఎత్తకుండా రాసుకున్నాను. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో ఆ పురుగు పట్టని తోట లేదు.

ఆ ఏడు జీడి పూత మీదున్నప్పుడు సెలవులకు ఇంటికి వెళితే, పెద్దమ్మ తన తోటకు రమ్మంది. పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయి ఏడాది కాలేదు. ఆయన వేసిన ఆ తోటే ఆమెకు ఆధారం.

సముద్రం వైపు చివరనున్న చెట్టుకు ఆకులు పసుపెక్కాయి. కాండం మొదలు దగ్గర జిగురు కారి, రంపపు పొట్టులాంటిది రాలి ఉంది. ఉలితో బెరడు లేపితే లోపల తెల్లటి లావుపాటి పురుగులు. చుట్టూ తిరిగి చూశాను. సగానికి పైగా బెరడు పోయింది. అంత పోతే చెట్టు తేరుకోదు, వేళ్లతో సహా తీసి కాల్చేయాలని పరీక్షల్లో రాసినదాన్నే. పెద్దమ్మ ఎదురుగా నిలబడితే, లేపిన బెరడు ముక్కను మళ్లీ కాండానికి ఆనించాను.

"సెప్పవేటే? బతుకుతాదా?"

"బతకదు పెద్దమ్మా. కొట్టించీడమే."

"మీ పెదనాన్నకీ డాక్టర్లు అలాగే సెప్పినారు. అలాగని ఆస్పత్రికి తీసుకెల్లడం మానీసినానేటి?"

నేను పక్క చెట్లు చూపించాను. "ఇందులో పురుగులకి రెక్కలొత్తే వాటి మీదికెల్తాయి పెద్దమ్మా. అవింకా బాగున్నాయి."

ఆమె ఆ చెట్ల వైపు చాలాసేపు చూసింది.

"ఈ కాపు దింపీసి కొట్టిద్దుమా?"

"అప్పటికి బయటికొచ్చేత్తాయి."

"అయితే కొట్టించీ," అని ఇంటివైపు నడిచింది.

మర్నాడు మా నాన్న గొడ్డలి తెచ్చాడు. చెట్టు పడ్డాక మొదలు చీలిస్తే లోపలంతా సొరంగాలే. పెద్దమ్మ ఒక కొమ్మ చేతిలోకి తీసుకుంది. "ఇంత తినీసినా పూసింది సూడు," అంది. పెదనాన్న పోయిన రోజు కూడా గట్టిగా ఏడవని మనిషి, ఆ ఇసుకలో కూలబడి ఏడ్చింది. నాన్న గొడ్డలి కింద పెట్టి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

తరువాత మేం ఆ చెట్టును వేళ్లతో సహా కాల్చేసి, మిగతా చెట్ల మొదళ్లు తవ్వి చూశాం. దొరికిన పురుగునల్లా తీసి చంపి, తారులో కిరసనాయిలు కలిపి కాండాలకు పూశాం. పెద్దమ్మ మాతోపాటే పూసింది.

మరుసటి ఏడు వెళ్లేసరికి తోటలో ఇంకొక చెట్టు తగ్గింది. ఆకులు రంగు మారాయని తనే బెరడు లేపి చూసుకుని, నా కోసం ఆగకుండా కొట్టించేసింది. "మొదలు తవ్వీసి వేళ్లు కూడా కాల్చీసినాను," అంది. మిగతావి నిలిచాయి. ఆమె వాకిట్లో జీడిపిక్కలు ఎండబెడుతుంటే పక్క తోటల ఆడవాళ్లు వచ్చి, పురుగును ఎలా కనిపెట్టావని అడిగేవారు. ఆమె చేతిలో పని ఆపి, వాళ్లను వెంటబెట్టుకుని తోటకు వెళ్లేది.