గార్డెన్ రీచ్ నుంచి నూటికి నూరు

కోవిడ్ తర్వాత కాలేజీలు మళ్లీ నిండిన ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో, కోల్‌కతాలోని ఒక మహిళా కళాశాల క్రీడా విభాగానికి నన్ను డిప్యుటేషన్ మీద పంపారు. హోదా పోషకాహార సలహాదారు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా ఆసుపత్రిలో డైటీషియన్‌ని. షుగరు రోగులకు అన్నం తగ్గించమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టినదాన్ని. ఇక్కడ నా పని ఆడపిల్లల్ని ఇంకాస్త తినమనడం. ఆ ఉత్తర్వు చేతికొచ్చిన రోజు చిన్నపిల్లలా సంబరపడ్డాను.

అంతకన్నా సంబరం, చెప్పేది నోటితో కాదు, ఫోన్ యాప్‌తో. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్లు యాప్ తయారుచేస్తే, పాఠాలు నేను రాసిచ్చాను. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి రెండు నిమిషాల పాఠం, హిందీలోనో బెంగాలీలోనో గొంతు వినిపిస్తుంది. తర్వాత మూడు ప్రశ్నలు. సరైన బొమ్మని ముట్టుకుంటే చాలు, చదవనక్కర్లేదు. వరుసగా మూడు రోజులు జవాబు రాకపోతే పేరు జాబితాలోంచి పోతుంది. ఈ నిబంధన పట్టుబట్టి పెట్టించింది నేనే.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంకో ప్రశ్న కూడా వినిపించేది: గడిచిన నెలలో పీరియడ్ వచ్చిందా? పచ్చ బటన్ అయితే వచ్చినట్టు, ఎర్రది అయితే రానట్టు. మా వృత్తిలో దీనికి చాలా విలువుంది. తిన్న తిండిలోంచి పరుగుకి ఖర్చయింది తీసేస్తే ఒంటికి మిగిలేదాన్ని ఎనర్జీ అవైలబిలిటీ అంటాం. అది మరీ తగ్గితే శరీరం అత్యవసరం కాని పనుల్ని ఒక్కొక్కటే ఆపేస్తుంది. ఆడపిల్లల్లో ముందు ఆగేవాటిలో నెలసరి ఒకటి. పట్టించుకోకపోతే తర్వాత ఎముకల వంతు.

నా గదిలో కంప్యూటర్ మీద అందరి మార్కులూ కనిపించేవి. మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే ఒక్కొక్క పేరూ వెలుగుతుంటే, కాఫీ చల్లారిపోతున్నా కదిలేదాన్ని కాదు. అందరికన్నా పైన ఝాన్సీ ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గార్డెన్ రీచ్ ఓడరేవు డాకులో పనిచేస్తున్న అప్పన్న కూతురు, ఎనిమిది వందల మీటర్ల పరుగు పిల్ల. రోజూ మూడుకి మూడు. నెల ప్రశ్నకి రెండు సెకన్లలో పచ్చ బటన్. మన తెలుగుపిల్ల అని నాకు లోలోపల గర్వం కూడా. ప్రిన్సిపాల్ దగ్గర సమీక్ష జరిగితే ఆ పిల్ల మార్కుల్నే తెర మీద చూపించి చెప్పుకున్నాను.

ఆగస్టు చివర్లో కోచ్ శుభంకర్ దా, అంటే శుభంకర్ అన్న, నా గదికొచ్చాడు. ఆయన కోపంగా మాట్లాడే మనిషి కాదు. ఝాన్సీ మొదటి చుట్టు బాగానే పరుగెడుతోందనీ, రెండో చుట్టులో కాళ్లు ఈడుస్తోందనీ, మోకాలి కింద ఎముక నొప్పంటోందనీ చెప్పాడు. దుర్గా పూజ సెలవులకు ముందు సెలక్షన్ పరుగు. ఇలాగే ఉంటే అంతర్ విశ్వవిద్యాలయ జట్టులోంచి పేరు తీసేయక తప్పదన్నాడు. జట్టులో ఉంటేనే ఆ పిల్లకి క్రీడా కోటాలో ఫీజు రాయితీ నిలుస్తుంది, లేదంటే చదువే ప్రశ్నార్థకం. తిండి లోపం అయ్యుండదని నేను ఢంకా బజాయించి చెప్పాను. నా దగ్గర రుజువుంది కదా మరి.

మర్నాడు మధ్యాహ్నం ఆ రుజువుని ట్యాబ్లెట్‌లో పట్టుకుని కాలేజీ క్యాంటీన్‌కి వెళ్లాను. ఝాన్సీ ఒక్కతే కూర్చుని అన్నం, పప్పు కలుపుకుంటోంది. ఎదురుగా కూర్చుని కాలి నొప్పి గురించి అడుగుతున్నాను. ఒంటిగంటా ఐదయింది. నా ట్యాబ్లెట్ టింగుమంది. ఝాన్సీ, మూడుకి మూడు.

ఆ పిల్ల కుడిచెయ్యి పప్పన్నంలో ఉంది. ఎడంచేతిలో నీళ్ల గ్లాసుంది. బల్ల మీద ఫోనే లేదు.

 నీ ఫోనేదమ్మా అని అడిగాను.

"నాకు ఫోన్ ఏటుంది మేడమ్? అది నాన్నది. డ్యూటీకి పట్టుకెళ్లిపోతాడు."

"మరి పాఠాలు?"

"ఏటి పాఠాలు?" అంది అమాయకంగా. యాప్ ఎక్కించుకునే రోజున ఫోన్ తెమ్మన్నామని తండ్రిది తెచ్చిందట. పేరు రాయించుకోవడంతో ఆ పని అయిపోయిందనుకుందట. తర్వాత ఒకసారి అడిగితే, నేను చూసుకుంటాన్లే అన్నాడట తండ్రి.

క్యాంటీన్‌లోంచి లేపి నా గదికి తీసుకెళ్లి, తలుపేసి, నెల ప్రశ్న నోటితో అడిగాను.  ఆగిపోయి ఐదు నెలలైందని చెప్పింది. గట్టిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకి అలాగే ఆగిపోతుందని, అది మంచిదేనని సీనియర్లు చెప్పారట. తెల్లారి ఐదున్నరకి ఒక్క టీ తాగి బస్సెక్కుతుంది. ఆ రోజు మొదటి మెతుకు నా కళ్ల ముందు కలుపుకున్న ఆ పప్పన్నమే. నా తల కొట్టేసినట్టయింది. ఆ పచ్చ బటన్ని నమ్మి ఈ పిల్లని రెండు నెలలు పరుగెత్తించాం.

సాయంత్రం డ్యూటీ దిగి అప్పన్న వచ్చాడు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"మూడ్రోజులు నొక్కకపోతే పాప పేరు కొట్టేస్తారన్నారు కదమ్మా. అందుకే నానే నొక్కీసినాను. తప్పయిపోనాది."

నెల ప్రశ్న సంగతి ఎలా అడగాలో నాకూ తెలియలేదు. ఆయనే తల దించుకుని చెప్పాడు.

"భోజనాల కాడ పదిమందిమి కూకుని ఉన్నాం. సేతిలో పోను ఆ మాట గట్టిగా అనీసింది. ఏటి సెయ్యనమ్మా? పచ్చది నొక్కీసి దాని నోరు మూయించినాను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన మీద కోపం మాత్రం రాలేదు. పదిమందిలో గట్టిగా మాట్లాడేలా ఆ ప్రశ్నని తయారుచేయించింది ఎవరు మరి?

ఊరికే అడిగి చూద్దామని, ప్రాక్టీస్‌కి ముందు ఏం తినాలి అన్నాను. అప్పన్న గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ముందు అరటిపండు లాంటి తేలికపాటిది, తర్వాత అరగంటలోగా గుడ్డూ అన్నమూ, ఆకుకూర మీద నిమ్మకాయ, తిన్నవెంటనే టీ తాగకూడదు. రెండు నెలల సిలబస్ పూర్తిగా ఆయన బుర్రలో ఉంది. అదంతా పరీక్ష కోసమనుకున్నాడు తప్ప పాపకి వండి పెట్టడానికని తోచలేదట. నాకు మళ్లీ హుషారొచ్చింది. ఇంత మంచి విద్యార్థిని చేతిలో పెట్టుకుని దిగులెందుకు? మీరే ఆ ఇంటి డైటీషియన్, పొద్దున్న డబ్బా సర్దే బాధ్యత మీదే అన్నాను. ఆయన ఆలోచించి, డాకులో బీహార్ వాళ్లు పొద్దున్నే సత్తుపిండి, అదే వేయించిన శనగల పిండి, నీళ్లలో కలుపుకుని తాగుతారు, అది పనికొస్తాదా అని అడిగాడు. భేషుగ్గా పనికొస్తుంది. నా పాఠాల్లో ఆ ముక్కే లేదు.

డాక్టర్ పరీక్షించి ఎముక విరగలేదన్నారు గానీ, రెండు నెలలు పరుగు మాన్పించారు. పూజ ముందు సెలక్షన్‌కి ఝాన్సీ లేదు. శుభంకర్ దా ఒక చోటు ఖాళీగా ఉంచి, దానికి చలికాలంలో మళ్లీ పోటీ పెడతాననీ, అప్పటిదాకా ఝాన్సీ రాయితీ ఆపొద్దనీ ప్రిన్సిపాల్‌కి రాసిచ్చాడు. ఆ ఉత్తరం మీద నా తప్పు ఒప్పుకుంటూ నేనూ సంతకం చేశాను. నెల ప్రశ్నని యాప్‌లోంచి తీసేయించి, తలుపేసిన గదిలో నేనే ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. నవంబర్‌లో ఝాన్సీ తనే వచ్చి, వచ్చింది మేడమ్ అని చెప్పి పారిపోయింది.

జనవరి పోటీలో ఆరుగురు పరుగెత్తారు. మొదటి చుట్టు అయ్యేసరికి ఝాన్సీ నాలుగో స్థానంలో ఉంది.  రెండో చుట్టు మలుపులో ఒకర్ని దాటింది, తిన్నని దారిలో ఇంకొకర్ని. అందరికన్నా ముందున్న పిల్లని గీత దగ్గర భుజం తేడాతో దాటింది. నేను కుర్చీ ఎక్కి అరిచానట. నాకు గుర్తులేదు, శుభంకర్ దా ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

రిటైరయ్యేలోగా మరో రెండు కాలేజీల్లో ఇదే పని చేశాను. పాఠాలు అవే, యాప్ అదే. మొదటి రోజు మాత్రం పాఠం మొదలుపెట్టకముందే, ఈ ఫోను మీ ఇంట్లో ఎంతమందిది అని అడిగేదాన్ని. పిల్లలు ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పేసేవారు. ఆ ప్రశ్న అడగాలని తెలుసుకోవడానికి నాకే ముప్ఫై ఏళ్ల సర్వీసు పట్టింది.